రివెంజ్ అనే ఇంగ్లిషు మాటను సరిగా వాడడం ఎలా? మెట్టు మెట్టుగా ఒక సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తెలుగు మాధ్యమంలో చదివి, పోటీ పరీక్షల కోసమో పత్రికా రచన కోసమో ఇంగ్లిషు సాధన చేస్తున్నవారికి రివెంజ్ అనే మాట కొత్తదేమీ కాదు. సినిమా పోస్టర్ల మీద, క్రికెట్ వార్తల్లో, వాట్సాప్ స్టేటస్‌లలో అది రోజూ కంటబడుతూనే ఉంటుంది. అర్థం అడిగితే పగ అనో ప్రతీకారం అనో ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. తీరా వాక్యం రాయమంటే మాత్రం దాని ముందు ఏ క్రియ పెట్టాలో, వెనుక ఏ విభక్తి పెట్టాలో, అవెంజ్ అనే మరో మాటకూ దీనికీ తేడా ఏమిటో తేలక చేయి ఆగిపోతుంది. కొందరు ఆగకుండా రాసేస్తారు, రాసింది తాము అనుకున్నదానికి సరిగ్గా ఎదురు అర్థమిస్తుంది. ఈ మాటను ఎప్పుడు వాడాలో, ఎలా వాడాలో, ఎక్కడ వాడకుండా ఉండాలో వరుసగా చూద్దాం.

ముందుగా ఉచ్చారణ సంగతి. ఊనిక రెండో అక్షరం మీద పడుతుంది, అక్కడి అచ్చు పెన్ అనే మాటలో ఉన్నంత పొట్టిది. చేంజ్ అన్నట్టు సాగదీసి రివేంజ్ అనడం మనకు అలవాటైపోయింది కానీ అది సరికాదు, రివెంజ్ అనాలి.

మొదటి మెట్టు: పగ ఉందా, పగ తీర్చుకున్నారా తేల్చుకోవాలి

తెలుగులో పగ మనసులో ఉండే వస్తువు. దాన్ని పడతాం, పెంచుకుంటాం, ఏళ్ల తరబడి మోస్తాం, వీలు చిక్కినప్పుడు తీర్చుకుంటాం. మన పల్లెల్లో ఒకరు "వాడు నా మీద పగవట్టిండు" అన్నా, "ఆ మాట మనసుల పెట్టుకున్నడు" అన్నా ఇంకా ఏమీ జరగలేదని, జరిగే ప్రమాదం ఉందని అర్థం. రివెంజ్ అలాంటిది కాదు. జరిగిన కీడుకు బదులుగా, ఆ కీడు చేసినవారికి చేసే కీడు రివెంజ్. అటువంటి బదులు చేయాలన్న కోరికను కూడా ఆ మాట సూచిస్తుంది కానీ, మనసులో గూడు కట్టుకొని ఉన్న వైరభావానికి ఇంగ్లిషులో వేరే మాట ఉంది. అది గ్రడ్జ్.

ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం తప్పులు పోతాయి. "అతనికి నా మీద పగ ఉంది" అనే వాక్యాన్ని మనవాళ్లు "హి హాజ్ రివెంజ్ ఆన్ మీ" అని రాస్తారు. ఇంగ్లిషు చదువరికి ఇది అతుకుల బొంతలా కనిపిస్తుంది. "హి హాజ్ ఎ గ్రడ్జ్ అగెనెస్ట్ మీ" అని గానీ, "హి బేర్స్ ఎ గ్రడ్జ్ అగెనెస్ట్ మీ" అని గానీ రాయాలి. ఆ పగ తీర్చుకున్న రోజున మాత్రమే "హి టుక్ రివెంజ్ ఆన్ మీ" అనే వాక్యానికి చోటు వస్తుంది. కక్ష, కచ్చ అన్న మాటలకు కూడా చాలా సందర్భాల్లో గ్రడ్జ్ సరిపోతుంది. అక్కసుకు స్పైట్ దగ్గరగా ఉంటుంది. ఇక కసి ఉంది చూశారూ, అది అన్నిటికంటే చిక్కు మాట. "కసితో చదివి గ్రూప్ వన్ కొట్టాడు" అన్నప్పుడు అక్కడ ఎవరిమీదా పగ లేదు, పట్టుదల ఉంది. దాన్ని రివెంజ్ అని రాస్తే ఆ పిల్లవాడు పరీక్ష పెట్టినవాళ్ల మీద కత్తి దూసినట్టవుతుంది. "విత్ ఫియర్స్ డిటర్మినేషన్" అంటే చాలు.

రెండో మెట్టు: ఎవరు ఎవరికి ఏం చేశారో విడదీయాలి

వాక్యం మొదలుపెట్టకముందే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మొదట కీడు జరిగింది ఎవరికి? ఆ కీడు ఏమిటి? చేసింది ఎవరు? ఇప్పుడు బదులు తీర్చుకుంటున్నది ఎవరు? మహాభారతంలోని జనమేజయుడి కథ ఇందుకు బాగా పనికొస్తుంది. తక్షకుడు కాటు వేసి పరీక్షిత్తును చంపాడు. కొడుకైన జనమేజయుడు సర్పయాగం తలపెట్టాడు. కీడు పొందినవాడు పరీక్షిత్తు, కీడు అతని మరణం, చేసినవాడు తక్షకుడు, బదులు తీర్చుకోబోయినవాడు జనమేజయుడు. నాలుగు ప్రశ్నల జవాబులు నాలుగు వేర్వేరు గదుల్లో ఉన్నాయి. దెబ్బతిన్నవాడు, బదులు తీర్చుకునేవాడు ఒకరే అయిన సందర్భాలు నిత్యజీవితంలో ఎక్కువ. అన్న గెట్టు జరిపి తమ్ముడి చెలకలోకి రెండు సాళ్లు దున్నుకున్నాడనీ, తమ్ముడు రాత్రికి రాత్రి అన్న బోరు మోటారు స్టార్టర్ వైరు కోశాడనీ అనుకుందాం. ఇక్కడ రెండు గదులు కలిసిపోయి తమ్ముడొక్కడే మిగులుతాడు. ఈ రెండు ఉదాహరణలనూ తరువాతి మెట్లలో మళ్లీ మళ్లీ వాడుకుంటాం.

ఈ నాలుగు ప్రశ్నల్లో రెండోదానికి జవాబు దొరకకపోతే, అంటే ముందు జరిగిన కీడంటూ ఏదీ లేకపోతే, రివెంజ్ అనే మాటే కుదరదు. అది దాడి కావచ్చు, దౌర్జన్యం కావచ్చు, ఈర్ష్య కావచ్చు. ఈ సంగతి వ్యాకరణం కంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం.

మూడో మెట్టు: నామవాచకంగా వాక్యంలో కూర్చడం

రివెంజ్ లెక్కపెట్టలేని నామవాచకం. కాబట్టి మామూలుగా దాని ముందు "ఎ" రాదు, చివర బహువచనం రాదు. "హి టుక్ ఎ రివెంజ్" తప్పు. ఒక ప్రతీకార చర్య అని లెక్కగా చెప్పవలసి వస్తే "యాన్ యాక్ట్ ఆఫ్ రివెంజ్" అనాలి.

దీనికి తోడుగా వచ్చే క్రియలు కొన్నే. టేక్, గెట్, సీక్, వాంట్, ప్లాట్, ఎగ్జాక్ట్. వీటిలో టేక్ అన్నిచోట్లా చెల్లుతుంది. గెట్ మాట్లాడే భాషకు దగ్గర. సీక్ అంటే పగ తీర్చుకోవడానికి దారి వెతకడం, ప్లాట్ అంటే లోలోపల పథకం వేయడం. ఎగ్జాక్ట్ అనేది బాకీ ముక్కుపిండి వసూలు చేసినట్టు బదులు రాబట్టడం, గంభీరమైన రాతల్లోనే నప్పుతుంది. డూ రివెంజ్, గివ్ రివెంజ్, మేక్ రివెంజ్ అనేవి వాడుకలో చెల్లవు.

ఆ తరువాత విభక్తులు. ఎవరి మీద అనేదానికి "ఆన్", దేనికి బదులుగా అనేదానికి "ఫర్". మన గెట్టు పంచాయితీని ఇందులో పెడితే "హి టుక్ రివెంజ్ ఆన్ హిజ్ బ్రదర్ ఫర్ ప్లౌయింగ్ అప్ ద బౌండరీ" అని వస్తుంది. తెలుగులో "అన్న మీద" అంటాం కాబట్టి "ఆన్" మనకు సులువుగానే అబ్బుతుంది. ఇబ్బంది "ఫర్" దగ్గర. "గెట్టు దున్నినందుకు" అన్న మాటలోని "అందుకు"ను చాలామంది "బికాజ్ ఆఫ్" అని రాస్తారు. అది వ్యాకరణ దోషం కాదు గానీ, బాకీకి చెల్లుకు ఉన్న ముడిని వదులు చేస్తుంది. "ఫర్" వాడితే ఆ ముడి బిగుస్తుంది.

కారణాన్ని ముందుకు తెచ్చి చెప్పాలనుకుంటే "ఇన్ రివెంజ్ ఫర్" అనే పదబంధం ఉంది. "హి కట్ ద వైర్ ఇన్ రివెంజ్ ఫర్ ద స్టోలెన్ ల్యాండ్." ఏ ఉద్దేశంతో చేశాడో మాత్రమే చెప్పాలనుకుంటే "అవుట్ ఆఫ్ రివెంజ్" అనవచ్చు.

రివెంజ్‌ను క్రియగా వాడవచ్చా అని తరచూ అడుగుతుంటారు. వాడవచ్చు, కానీ "రివెంజ్ వన్‌సెల్ఫ్ ఆన్", "బీ రివెంజ్డ్ ఆన్" అనే పాత పద్ధతుల్లోనే ఎక్కువగా వస్తుంది. షేక్‌స్పియర్ కాలంలో హత్యను రివెంజ్ చేయడం అనే ప్రయోగం మామూలు సంగతే. నేటి రాతలో ఆ పని అవెంజ్ చేస్తోంది కనుక, నేర్చుకునేవారు రివెంజ్‌ను నామవాచకంగానే ఉంచుకొని, క్రియ అవసరమైనప్పుడు అవెంజ్ దగ్గరికి వెళ్లడం మంచిది.

నాలుగో మెట్టు: అవెంజ్ తరువాత ఎవరు రావాలి

ఎదురు అర్థం వచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది. రివెంజ్ తీసుకునేది కీడు చేసినవాడి మీద. అవెంజ్ చేసేది కీడు పొందినవాడిని, లేదా ఆ కీడును. అంటే అవెంజ్ అనే క్రియకు కర్మగా వచ్చేది మనవాడే, పగవాడు కాదు.

జనమేజయుడి వద్దకు వెళ్దాం. "జనమేజయ సాట్ టు అవెంజ్ హిజ్ ఫాదర్" అనేది సరైన వాక్యం. "జనమేజయ సాట్ టు అవెంజ్ హిజ్ ఫాదర్స్ డెత్" కూడా సరైనదే. తక్షకుడిని తేవాలంటే "జనమేజయ సాట్ రివెంజ్ ఆన్ తక్షక" అనాలి. "జనమేజయ సాట్ టు అవెంజ్ తక్షక" అని రాశారా, తక్షకుడికి ఎవరో అన్యాయం చేస్తే అతని తరఫున జనమేజయుడు బయలుదేరాడని అర్థం! కథ మొత్తం తలకిందులు అవుతుంది.

క్రికెట్ వార్తల్లో ఈ తప్పు కోకొల్లలు. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా చేతిలో భారత్ ఆరు వికెట్ల తేడాతో ఓడిపోయింది. 2025 మార్చి 4న దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనల్‌లో అదే ఆస్ట్రేలియాను నాలుగు వికెట్ల తేడాతో ఓడించింది. దీన్ని "ఇండియా అవెంజ్డ్ ద 2023 డిఫీట్" అని రాయవచ్చు, "ఇండియా టుక్ రివెంజ్ ఆన్ ఆస్ట్రేలియా ఫర్ ద 2023 డిఫీట్" అనీ రాయవచ్చు. "ఇండియా అవెంజ్డ్ ఆస్ట్రేలియా" అంటే మాత్రం ఆస్ట్రేలియాకు జరిగిన అవమానానికి మనవాళ్లు ఇంకెవరి మీదనో బదులు తీర్చుకున్నట్టు. రాసినవాడు దేశభక్తుడే, వాక్యం కాదు.

ఇంకొక తేడా ఉంది కానీ అది గీత గీసినట్టు ఉండదు. అవెంజ్‌లో న్యాయం జరిగిందన్న ఛాయ కొంత కనిపిస్తుంది, ముఖ్యంగా ఇతరుల తరఫున చేసినప్పుడు. రివెంజ్‌లో సొంత కోపం ఎక్కువ. పరీక్షలో ఈ తేడా అడిగితే రాయండి కానీ, నిజమైన వాడుకలో రెండూ ఒకదాని చోట్లోకి మరొకటి జారుతూనే ఉంటాయి.

ఐదో మెట్టు: చుట్టాల్లో సరైనదాన్ని ఎంచుకోవడం

వెంజెన్స్ కూడా ఇదే లాటిన్, ఫ్రెంచి వంశానికి చెందిన మాటే. రివెంజ్ కంటే బరువైనది. బైబిలులో ప్రతిదండన నా పని అని దేవుడు పలికిన చోట ఇంగ్లిషు అనువాదాల్లో కనిపించేది వెంజెన్స్. పత్రికా భాషలో దీన్ని పొదుపుగా వాడాలి. అయితే "విత్ ఎ వెంజెన్స్" అనే నుడికారం వేరు. దానిలో పగ మచ్చుకైనా లేదు, తీవ్రత మాత్రమే ఉంది. రెండు చినుకులు పడి కాస్త చల్లబడిన తరువాత నల్లగొండలో ఎండ మళ్లీ దంచికొడితే "ద హీట్ ఈజ్ బ్యాక్ విత్ ఎ వెంజెన్స్" అంటారు. దీన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఎండ పగబట్టిందని రాస్తే కవిత్వం అవుతుందేమో గానీ అనువాదం కాదు.

రిటాలియేషన్ అంటే దెబ్బకు దెబ్బ. పగలా ఏళ్ల తరబడి మాగవలసిన పని లేదు, వెంటనే జరుగుతుంది. దేశాల మధ్య, సైన్యాల మధ్య, వ్యాపారంలో ఇదే సరైన మాట. ఎదుటివారిని సూచించడానికి దీని తరువాత "ఆన్" కాదు, "అగెనెస్ట్" వస్తుంది. 2025లో అమెరికా ప్రకటించిన రెసిప్రొకల్ టారిఫ్‌లను, అంటే పరస్పర సుంకాలను, మన పత్రికలు ప్రతీకార సుంకాలు అన్నాయి. వాటికి బదులుగా ఇతర దేశాలు వేసిన రిటాలియేటరీ టారిఫ్‌లకు కూడా అదే మాట వాడారు. తెలుగులో రెండూ ఒకే గంపలో పడ్డాయి. ఆ వార్తను తిరిగి ఇంగ్లిషులోకి మార్చేవారు ప్రతీకారం కనబడగానే రివెంజ్ అని రాయకుండా, మూలంలో ఏ సుంకం గురించి చెబుతున్నారో చూసుకోవాలి.

రిప్రైజల్ అనేది సాధారణంగా బహువచనంలో వస్తుంది. నేరుగా కీడు చేసినవాడు చిక్కనప్పుడు అతని వాళ్లనో, అతని ఊరినో కొట్టడం ఇందులో ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దళాలకు అన్నం పెట్టారన్న అనుమానంతో ఊళ్లకు ఊళ్ల మీద పడిన సంఘటనలను ఇంగ్లిషులో రాయవలసి వస్తే రిప్రైజల్స్ అనేదే తగిన మాట.

ఆ చరిత్ర రాసేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. 1946 జులై 4న, అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న కడవెండిలో, ఊరేగింపుగా వెళ్తున్న జనం మీద విసునూరు దేశముఖ్ మనుషులు కాల్పులు జరపగా దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తరువాత చెలరేగిన జనాగ్రహాన్ని "ద పీపుల్ టుక్ రివెంజ్" అని ఒక్క ముక్కలో రాయడం సులువే. కానీ అలా రాస్తే వెట్టిచాకిరీ, భూమి, దేశముఖుల పెత్తనం అన్నీ వెనక్కి పోయి, అదంతా ఒక హత్యకు మరో దాడి అన్నంత చిన్నదైపోతుంది. రివోల్ట్, అప్‌రైజింగ్ వంటి మాటలు ఉండగా అక్కడ రివెంజ్‌కు చోటివ్వకూడదని నేను అంటాను.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. రెట్రిబ్యూషన్ అంటే చేసిన తప్పుకు తగిన శిక్ష, చేసినవాడు దానికి అర్హుడన్న భావం ఉంటుంది. వెండెట్టా ఇటలీ నుంచి వచ్చింది, వంశాల మధ్య తరాలుగా నడిచే పగ. నేడు రాజకీయ కక్షసాధింపు అనే తెలుగు మాటకు పొలిటికల్ వెండెట్టా స్థిరపడిపోయింది. విశేషణాల్లో వెంజ్‌ఫుల్ మేలైనది, రివెంజ్‌ఫుల్ అరుదు. చిన్న చిన్న విషయాలకు కూడా కక్ష పెట్టుకొని సాధించే మనిషిని విండిక్టివ్ అంటారు. స్నేహితుల మధ్య మాటల్లో అయితే "గెట్ ఈవెన్ విత్", "గెట్ బ్యాక్ ఎట్" చాలు. లెక్క సరిచేస్తా అన్నంత తేలికగా ఉంటాయి.

ఆరో మెట్టు: కొత్త వాడుకలను గుర్తుపట్టడం

కోవిడ్ ఆంక్షలు సడలిన తరువాత రివెంజ్ ట్రావెల్ అనే మాట బాగా వినిపించింది. ఇళ్లలో మగ్గిపోయినవాళ్లు పోగొట్టుకున్న కాలానికి బదులుగా విపరీతంగా తిరగడం దాని అర్థం. రోజంతా పనిలో గడిచిపోయి తనకంటూ సమయం మిగలనివాడు నిద్ర మానుకొని అర్ధరాత్రి దాకా ఫోను చూడడాన్ని రివెంజ్ బెడ్‌టైమ్ ప్రొక్రాస్టినేషన్ అంటారు. ఇది చైనా భాష నుంచి ఇంగ్లిషులోకి వచ్చిన మాట. ఇటువంటి చోట్ల ప్రతీకార ప్రయాణం, ప్రతీకార జాగారం అని రాస్తే నవ్వుతారు. మన దగ్గర "కసిదీరా" అనే చక్కని మాట ఉంది. కసిదీరా తిరిగారు, కసిదీరా కొన్నారు అంటే భావం పూర్తిగా దిగుతుంది. మొదటి మెట్టులో రివెంజ్‌కు దూరంగా పెట్టిన కసి ఇక్కడ దానికి సరిజోడైంది.

ఒకరి ఏకాంత దృశ్యాలను వారి అంగీకారం లేకుండా బయటపెట్టే నేరానికి రివెంజ్ పోర్న్ అనే పేరు ప్రచారంలో ఉంది. ఈ పేరును ఇప్పుడు చాలామంది తప్పుపడుతున్నారు. రెండో మెట్టులో చెప్పుకున్నట్టు రివెంజ్ అంటేనే ముందు ఒక కీడు జరిగి ఉండాలి. అంటే బాధితురాలే ఏదో తప్పు చేసిందని ఆ పేరు చెప్పకుండానే చెబుతోంది. కనుక వార్త రాసేటప్పుడు అంగీకారం లేకుండా దృశ్యాలను ప్రచారం చేశారని నేరుగా రాయడమే ఉత్తమం.

ఏడో మెట్టు: వార్తలో, ఫిర్యాదులో వాడేటప్పుడు

జిల్లా పేజీలో రోజూ కనిపించే "పాత కక్షల నేపథ్యంలో దాడి" అనే శీర్షికకు ఇంగ్లిషులో "అటాక్ ఓవర్ ఓల్డ్ ఎన్మిటీ" సరిపోతుంది. మన పోలీసు కాగితాల్లో "ప్రీవియస్ ఎన్మిటీ" అనేది బాగా అలవాటైన మాట. ఇక్కడ రివెంజ్ రాస్తే, దెబ్బలు తిన్నవాడు ముందెప్పుడో దెబ్బ కొట్టాడని విలేకరి తీర్పు చెప్పినట్టవుతుంది. దర్యాప్తు తేల్చవలసిన సంగతిని శీర్షిక తేల్చకూడదు.

ఫిర్యాదు రాసేవారికి ఈ హెచ్చరిక మరింత అవసరం. "హి టుక్ రివెంజ్ ఆన్ మీ" అని మీరే రాసి సంతకం పెడితే, ముందు మీరు అతనికి ఏదో చేశారని మీ చేతితో మీరే ఒప్పుకున్నట్టు ఎదుటి వకీలు వాదించవచ్చు. ఒక నమూనా తీసుకొని చూద్దాం. తెలుగులో ఇలా ఉందనుకోండి: "మా పాలోళ్లు గెట్టు పంచాయితీ మనసుల పెట్టుకొని నిన్న రాత్రి మా బోరు మోటారు స్టార్టర్ వైరు కోసిండ్రు. ఊరి పెద్దలకు చెప్పినందుకు మా తమ్ముణ్ణి కొట్టిండ్రు. మావోళ్లు పగదీర్చుకుంటమంటే నేనే ఆపిన."

మొదటి వాక్యంలో ఉన్నది మనసులోని కక్ష. కాబట్టి గ్రడ్జ్ రావాలి. "అవర్ కజిన్స్, హూ బేర్ ఎ గ్రడ్జ్ అగెనెస్ట్ అజ్ ఓవర్ ఎ ఫీల్డ్ బౌండరీ, కట్ ద స్టార్టర్ వైర్ ఆఫ్ అవర్ బోర్‌వెల్ మోటార్ లాస్ట్ నైట్." రెండో వాక్యంలో తమ్ముడు చేసినది కీడు కాదు, పెద్దలకు చెప్పుకోవడం. దానికి వచ్చిన దెబ్బను రివెంజ్ అనకూడదు. ఫిర్యాదు చేసినవారిని వేధించడానికి ఇంగ్లిషులో రిటాలియేషన్ అనే మాట స్థిరపడింది. "దే బీట్ మై బ్రదర్ ఇన్ రిటాలియేషన్ ఫర్ కంప్లైనింగ్ టు ద విలేజ్ ఎల్డర్స్." మూడో వాక్యానికి మాత్రం రివెంజ్ అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే కోసిన వైరు, తిన్న దెబ్బలు ముందు రెండు వాక్యాల్లో ఉన్నాయి. "మై రిలేటివ్స్ వాంటెడ్ టు టేక్ రివెంజ్, బట్ ఐ స్టాప్డ్ దెమ్."

భాష పరంగా మూడూ సరైనవే. అయినా సాధన పుస్తకంలో మూడో వాక్యాన్ని ఉంచుకొని, ఠాణాలో ఇచ్చే కాగితంలో నుంచి దాన్ని తీసేయండి. రేపు అవతలివాళ్ల గడ్డివాముకు ఎవరు నిప్పు పెట్టినా, పోలీసులు ముందుగా మీవాళ్లనే పిలిచి అడగడానికి ఆ ఒక్క మాట చాలు.